బోరులో నీళ్లున్నాయి, ఇన్వర్టర్ లేవంటోంది

(ఇంజినీరింగ్ విద్యార్థులకూ, సోలార్ పంపులు, ఇన్వర్టర్లు బిగించే టెక్నీషియన్లకూ కలిపి ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ముందు ఒక శబ్దం వినిపిస్తాను, తర్వాత మాట్లాడుకుందాం. నా చేతిలో ఉన్నది మామూలు ట్రాన్సిస్టర్ రేడియో. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. మీడియం వేవ్‌లో పెట్టి ముల్లు 837 దగ్గరికి తిప్పాను. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మా తరం వాళ్లకి ఈ అంకె కంఠతా వచ్చు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఇక్కడే పలికేది. ఇప్పుడు బల్ల మీదున్న ఈ ఇన్వర్టర్ బోర్డుకి సప్లై ఇస్తున్నాను. ఒక్క నిమిషం మాటలు ఆపండి.

[రేడియోలోంచి జుయ్యిమనే మోత]

విన్నారు కదా. బోర్డుకీ రేడియోకీ మధ్య ఒక్క తీగ కూడా లేదు. బోర్డు మీద ట్రాన్స్‌మిటర్ ఏదీ లేదు. ఉన్నవల్లా నాలుగు మాస్ఫెట్లు, అంటే వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు, ఒక పెద్ద కెపాసిటరు, చోకు అనే తీగ చుట్ట, వీటిని నడిపే చిన్న ఐసీ. 400 వోల్టుల డీసీని ముక్కలుగా కోసి 230 వోల్టుల ఏసీగా మార్చడం దీని పని. ఆ పని చక్కగానే చేస్తోంది, బల్బు వెలుగుతోంది చూడండి. పని చేస్తూనే పక్కనున్న రేడియో నోరు నొక్కేస్తోంది. ఈ రోజు మనం మాట్లాడుకునేది దీని గురించే. పుస్తకాల్లో దీన్ని విద్యుదయస్కాంత జోక్యం అంటారు. షాపుల్లో మనం నాయిస్ అంటాం. నేనూ అలాగే అంటాను.

ఈ మాస్ఫెట్లు సెకనుకి 20 వేల సార్లు ఆన్, ఆఫ్ అవుతున్నాయి. అంటే 20 కిలోహెర్ట్జ్. ఆ అంకె ఎందుకంటే, అంతకన్నా తక్కువలో నడిపితే చోకు కీచుమంటుంది, ఇంట్లోవాళ్లకి తలనొప్పి. 20 దాటితే మనిషి చెవికి అందదు. మన చెవికి తప్పింది కానీ రేడియోకి తప్పలేదు. 20ని 42తో హెచ్చించండి, 840. విజయవాడ 837. తేడా 3 కిలోహెర్ట్జ్. స్టేషను పలుకుతుండగా 840 వచ్చి పక్కన కూర్చుంటే, వార్తలు చదివే గొంతు వెనకాల 3 కిలోహెర్ట్జ్ ఈల తెంపు లేకుండా వినిపిస్తుంది. హైదరాబాద్ ఏ స్టేషను 738. 20ని 37తో హెచ్చిస్తే 740, అక్కడ 2 కిలోహెర్ట్జ్ ఈల. ఈ ఈల విని రేడియో పాడైందని రిపేరుకి తెచ్చినవాళ్లు నాకు తెలుసు. రేడియో విప్పితే అందులో తప్పేమీ ఉండదు.

మరి 20 దగ్గర మొదలైనది 840 దాకా ఎలా ఎక్కింది? చదరపు తరంగం అంటే ఒక్క ఫ్రీక్వెన్సీ కాదు, దాని రెట్లు కూడా అందులో ఉంటాయని, ఆన్, ఆఫ్ సమయాలు సమానంగా లేకపోతే సరి రెట్లు కూడా వస్తాయని మీరు ఫోరియర్ గణితం దగ్గర చదువుకున్నారు. పరీక్షలో రాశారు, మార్కులు వచ్చాయి. ఆ లెక్క రేడియోలో ఇప్పుడు చెవితో విన్నారు. పరీక్షల్లో ఎక్కువగా అడగని సంగతి ఇంకొకటుంది. ఆ రెట్లు ఎంత పైదాకా బలంగా ఉంటాయన్నది స్విచింగ్ ఫ్రీక్వెన్సీ ఒక్కటే తేల్చదు. అంచు ఎంత నిట్రంగా లేస్తోందన్నది తేలుస్తుంది. వోల్టేజీ సున్నా నుంచి 400కి ఎక్కడానికి పట్టే సమయాన్ని తీసుకోండి. దాన్ని π (3.14)తో హెచ్చించి, ఒకటిని దానితో భాగించండి. 100 నానోసెకన్లలో ఎక్కితే 3.2 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక మలుపు వస్తుంది. ఆ మలుపు దాటాక రెట్ల బలం వేగంగా పడిపోతుంది, ఫ్రీక్వెన్సీ పదిరెట్లయ్యేసరికి 40 డెసిబెల్స్, అంటే వోల్టేజీలో వందో వంతుకి తగ్గుతుంది. అదే 20 నానోసెకన్లలో ఎక్కితే మలుపు 16 మెగాహెర్ట్జ్ దాకా జరిగిపోతుంది. స్విచింగ్ ఫ్రీక్వెన్సీ ఏమీ మార్చలేదు, అదే 20 కిలోహెర్ట్జ్. అంచు పదునెక్కింది, అంతే.

1887లో హెర్ట్జ్ తన ప్రయోగశాలలో రెండు గోళాల మధ్య నిప్పురవ్వ పుట్టించి, దూరంగా ఉన్న తీగ చుట్టలో దాని జాడ చూపించాడు. ఆ రవ్వలో ఉన్నదీ పదునైన అంచే. మన మాస్ఫెట్ సెకనుకి వేల సార్లు అదే పని చేస్తోంది, రవ్వ కనబడదు.

అయితే అంచు నెమ్మదిగా ఎక్కేలా చేసేస్తే సరిపోతుంది కదా అని మీలో కొందరికి అనిపిస్తుంది. సగం నిజమే. కానీ మాస్ఫెట్ ఆన్‌కీ ఆఫ్‌కీ మధ్యలో ఉన్నంతసేపూ వోల్టేజీ, కరెంటు రెండూ దాని మీదే ఉంటాయి, అదంతా వేడి. అందుకే పరిశ్రమంతా అంచుని వేగంగా చెయ్యాలనే పరుగెడుతోంది. సిలికాన్‌కి తోడు సిలికాన్ కార్బైడ్, గాలియం నైట్రైడ్ స్విచ్‌లు వచ్చాయి. గాలియం నైట్రైడ్ స్విచ్ అయిదు నానోసెకన్ల లోపే దూకేస్తుంది. నష్టం తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ పెంచుకోవచ్చు, చోకులూ కెపాసిటర్లూ చిన్నవవుతాయి. 2014లో గూగుల్ ఒక పోటీ పెట్టింది. 2 కిలోవాట్ల ఇన్వర్టర్ చెయ్యాలి, ఘనపు అంగుళానికి కనీసం 50 వాట్లు రావాలి. 2016లో బెల్జియం జట్టు గెలిచింది, ఘనపు అంగుళానికి సుమారు 143 వాట్లు తెచ్చారు. అంటే 2 కిలోవాట్ల ఇన్వర్టర్ మొత్తం పావు లీటరు కన్నా తక్కువ చోటులో పట్టింది. ఆ వార్త చదివినవాళ్లు సైజు చూసి ఆశ్చర్యపోయారు. నన్ను ఆకట్టుకున్నది వేరే. పోటీ నిబంధనల్లో నాయిస్ హద్దు కూడా ఉంది. ఆ పావు లీటరులో ఫిల్టర్‌తో సహా ఇమిడ్చి, పరీక్ష పాసవ్వాలి. అది నిజంగా గొప్ప పనితనం.

ఇప్పుడు నాయిస్ బయటికి పోయే దారుల సంగతి. ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు, అందుకని కొంచెం ఆగుతాను.

వేడిని లాగేసే ఈ లోహపు దిమ్మ, హీట్‌సింక్, చూడండి. మాస్ఫెట్ వెనక ఉన్న లోహపు ట్యాబ్ దాని డ్రెయిన్, అంటే దాని మూడు కొసల్లో ఒకటి. కింది మాస్ఫెట్‌కి ఆ డ్రెయినే స్విచింగ్ నోడ్, అంటే 400 వోల్టులు పైకీ కిందికీ దూకే చోటు. ట్యాబ్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఈ పల్చటి ఇన్సులేటింగ్ షీట్ పెట్టాం. లోహం, షీట్, మళ్లీ లోహం. ఇది మనం కొనని కెపాసిటరు. 100 పికోఫారడ్లు అనుకుందాం. 20 నానోసెకన్లలో 400 వోల్టులు దూకితే మైక్రోసెకనుకి 20 కిలోవోల్టుల వేగం. 100 పికోఫారడ్లని దానితో హెచ్చించండి. 2 ఆంపియర్లు! షీట్ దాటి, ఇన్సులేషన్ దాటి, ఒక్కో అంచుకి 2 ఆంపియర్లు హీట్‌సింక్‌లోకి దూకుతున్నాయి. మీటర్‌తో కొలిస్తే కనబడదు, 20 నానోసెకన్లలో అయిపోతుంది కాబట్టి. హీట్‌సింక్ పెట్టెకి బిగించి ఉంది, పెట్టె ఎర్త్‌కి కట్టి ఉంది. ఆ కరెంటు ఎర్త్ వైరు పట్టుకుని ఇంట్లోకి పోతుంది.

పోయి ఎక్కడికి చేరుతుంది? భూమిలో ఇంకిపోతుందని చాలామంది అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఏ కరెంటైనా బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. ఈ 2 ఆంపియర్లూ బయల్దేరింది మాస్ఫెట్ దగ్గర, కాబట్టి ఎర్త్ వైరు మీదుగా మీటర్ బోర్డు దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఫేజ్, న్యూట్రల్ రెండింటి మీదా ఒకేసారి వెనక్కి నడిచి ఇన్వర్టర్‌లోకి వస్తుంది. రెండు తీగల్లోనూ ఒకే దిశలో వచ్చేది కనక దీన్ని కామన్ మోడ్ అంటాం. ఒక తీగలో వెళ్లి రెండో తీగలో వచ్చేది డిఫరెన్షియల్ మోడ్. రెండోది లెక్కకి తేలిగ్గా లొంగుతుంది, దాని గురించి పెద్దగా చెప్పను. మొదటిదే ఇల్లంతా తిరిగే రకం. అది చుట్టి వచ్చిన వైరింగ్ అంతా ఒక పెద్ద లూపు, అంటే ఏరియల్.

నీరు పల్లమెరుగు అంటారు. ఈ కరెంటుకి పల్లం అంటే ఇంపెడెన్స్, అంటే ఏసీకి ఎదురయ్యే అడ్డు, తక్కువున్న దారి. మనం దగ్గర్లో ఒక పల్లం తవ్వి పెడితే అటే వెళ్తుంది, లేదంటే తన పల్లం తనే వెతుక్కుంటుంది. నా ఉద్యోగ జీవితంలో నేర్చుకున్న దానిలో సగం ఈ ఒక్క ముక్కే. ఇది నాకు బాగా తలకెక్కింది తరగతిలో కాదు, ఒక వేరుశనగ చేనులో.

అనంతపురం జిల్లాలో ఒక పల్లె. 5 హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ మోటారు, 600 అడుగుల బోరు, అంటే కేబులు 180 మీటర్లకు పైనే. పైన సోలార్ ప్యానెళ్లు, కంట్రోలర్ పెట్టె. ఆ పెట్టె కూడా ఇన్వర్టరే. డీసీని కోసి మోటారుకి త్రీ ఫేజ్ ఇస్తుంది. ఫిర్యాదు ఏమిటంటే పంపు మధ్యలో ఆగిపోతోంది. సర్వీసు వాళ్లు రెండుసార్లు వచ్చి బోరులో నీళ్లు తగ్గాయని రాసేసి వెళ్లారు. నేను వెళ్లేసరికి ఆ రైతు చెప్పిన మాట ఇది. "పొద్దన్నే బాగా ఆడతాది సార్. ఎండ నెత్తిమీదికొచ్చినాక నిలబడిపోతాది. నీళ్లు లేవంటాది ఆ పెట్టె. నీళ్లుండాయి సార్." చేను ఊడలు దిగే దశలో ఉంది. ఆ పది రోజుల్లో తడి అందకపోతే కాయ పట్టదు. ఆయన కోపంగా లేడు. ఎవరూ నమ్మడం లేదనే బాధ ఉంది ఆ గొంతులో.

నీళ్లు నిజంగానే ఉన్నాయి. దబదబా పడుతున్న ధార పడుతుండగానే టక్కున ఆగిపోయింది, తెర మీద డ్రై రన్, అంటే నీళ్లు లేకుండా ఆడుతోందని వచ్చింది. పెట్టె మూత తీసి చూశాను. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు కాలిపోకుండా ఒక సెన్సర్ దించుతారు. ఆ సెన్సర్ తీగలు రెండూ మోటారు కేబులుకి గజానికొక చోట టేపు చుట్టి, 600 అడుగులూ జంటగా దించారు. అక్కడే అర్థమైపోయింది. మోటారు కేబుల్లో 560 వోల్టుల అంచులు సెకనుకి వేల సార్లు దూకుతున్నాయి. ఒంటికి ఒళ్లు ఆనించి సెన్సర్ తీగ ఉంది. హీట్‌సింక్ దగ్గర చెప్పుకున్న కథే, అక్కడ షీట్, ఇక్కడ 180 మీటర్ల పొడవునా పీవీసీ తొడుగు. బ్యాటరీతో నడిచే స్కోప్ (వోల్టేజీని గీతగా చూపే పరికరం) పెట్టి సెన్సర్ ఇన్‌పుట్ దగ్గర చూస్తే, 5 వోల్టుల సిగ్నల్ మీద 30 వోల్టుల ముళ్లు నిలబడి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండ ఎక్కువై, మోటారు నిండా పవర్ తీసుకుంటున్నప్పుడు ముళ్లు ఇంకా పెరిగాయి. పెట్టెలోని ఐసీ ఆ ముల్లుని చూసి నీళ్లు అయిపోయాయనుకుంటోంది. రైతు గమనించినదంతా అక్షరాలా నిజం.

పెట్టె తయారుచేసినవాళ్ల పేరు ఇక్కడ అనవసరం. మేం చేసింది మూడు పనులు. సెన్సర్ ఇన్‌పుట్‌లో 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు, 100 నానోఫారడ్ల కెపాసిటరు పెట్టాం. రెండూ కలిస్తే ఒక మిల్లీసెకను ఆలస్యం. మైక్రోసెకను ముళ్లు అందులో కరిగిపోతాయి. నీళ్లు మిల్లీసెకనులో ఇంకిపోవు కదా, సెన్సర్‌కి అంత తొందరేముంది? రెండోది, మోటారుకి వెళ్లే మూడు తీగల్నీ కలిపి పెట్టె దగ్గరే ఒక పెద్ద ఫెర్రైట్ రింగులో నాలుగు చుట్లు తిప్పాం, మూడింట్లోనూ ఒకే దిశలో పోయే కామన్ మోడ్ కరెంటుకి అది అడ్డు. ఎర్త్ తీగని మాత్రం అందులో దూర్చలేదు, మోటారు నుంచి తిన్నగా పెట్టెలోకి తెచ్చి కట్టాం, తిరిగొచ్చే కరెంటుకి అది దగ్గర దారి. మూడోది, సెట్టింగుల్లో స్విచింగ్ ఫ్రీక్వెన్సీని 16 నుంచి 4 కిలోహెర్ట్జ్‌కి దించాం. మోటారు కొంచెం కూత పెడుతుంది, 600 అడుగుల లోతులో ఎవరు వింటారు? ఆ మధ్యాహ్నం పంపు ఆగలేదు. సాయంత్రం దాకా గట్టు మీదే కూర్చున్నాను, ఆగుతుందేమోనని.

అదే పొలంలో అంతకుముందు ఏడాది మోటారు కాలిపోయింది. రీవైండింగ్ షాపులో అడిగితే, ప్రతి కాయిల్లోనూ మొదటి చుట్ల దగ్గరే మాడిందని చెప్పారు. ఆ మాట చాలు, కారణం తెలిసిపోతుంది. నీళ్లు జోరుగా పారుతుండగా వాల్వు టక్కున కట్టేస్తే పైపు దడ్‌మని అదురుతుంది, చూసే ఉంటారు. పారుతున్న ధార ఎదురుదెబ్బ అది. కేబుల్లో అంచు మైక్రోసెకనుకి సుమారు 150 మీటర్లు పరుగెడుతుంది. 180 మీటర్ల కేబులు దాటడానికి 1.2 మైక్రోసెకన్లు. అంచు ఎక్కడానికి అందులో పదోవంతు కూడా పట్టదు. అవతల మోటారు ఇంపెడెన్స్ చాలా ఎక్కువ, అంచు దాన్ని గుద్దుకుని వెనక్కి తిరుగుతుంది. తిరిగేటప్పుడు వచ్చేదీ పోయేదీ కలిసి మోటారు దగ్గర వోల్టేజీ దాదాపు రెట్టింపవుతుంది. 560 పంపితే 1,100 దాకా తగలొచ్చు. ఆ దెబ్బ మొదట తినేవి మొదటి చుట్లే. 100 నానోసెకన్ల అంచుకి ఈ బాధ ఏడున్నర మీటర్ల కేబులు నుంచే మొదలవుతుంది. మన రాయలసీమ బోర్లు ఎంత లోతో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకని, కేబులు పొడవైతే డ్రైవ్ పక్కనే అవుట్‌పుట్ ఫిల్టరు పెట్టాల్సిందే. ఆ ఖర్చు మిగిల్చాలని చూసేవాళ్లు రైతు చేత రెండో మోటారు కొనిపిస్తున్నట్టే. కొటేషన్లలో ఆ ఒక్క లైను కొట్టేయడం చూసినప్పుడల్లా నాకు మనసు కష్టమవుతుంది.

ఎర్తింగ్ గురించి అడగాలని చాలామంది కాచుకుని ఉంటారు. ఇన్వర్టర్ పెట్టె ముట్టుకుంటే జిల్లుమంటోందని ఫోన్లు వస్తుంటాయి. ఫిల్టర్లో ఫేజ్ నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, వై కెపాసిటర్లంటాం. ఇందాక చెప్పిన దగ్గరి పల్లం ఇవే. కామన్ మోడ్ కరెంటుని ఇల్లంతా తిరగనివ్వకుండా పెట్టెలోనే వెనక్కి పంపిస్తాయి. ఎర్త్ కట్టకపోతే బాడీ ఈ రెండింటి నడుమ వేలాడుతుంది, 230లో సగం, 115 వోల్టుల దగ్గర. కెపాసిటరు 4.7 నానోఫారడ్లదైతే ముట్టుకున్నవాళ్ల గుండా పోయేది మహా అయితే మూడో వంతు మిల్లీఆంపియరు. జిల్లుమంటుంది కానీ ప్రమాదం ఉండదు, అందుకే ఆ కెపాసిటర్ల విలువకి హద్దు పెట్టారు. కొందరు టెక్నీషియన్లు షాక్ కొడుతోందని ఆ కెపాసిటర్లే పీకేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. మూడో పిన్ను ఎర్త్ ఉందో లేదో చూడండి. చాలా ఇళ్లలో సాకెట్‌కి మూడు రంధ్రాలుంటాయి, పైదాని వెనక తీగే ఉండదు.

ఎర్త్ బాగుంటే అన్నీ బాగుపడతాయని కూడా అనుకోకండి. బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలం నీళ్లు పోసి, ఎంత శ్రద్ధగా గొయ్యి చూసుకున్నా అది 50 హెర్ట్జ్‌కి ఎర్త్. మనిషి ప్రాణానికీ, ఫ్యూజు పోవడానికీ అది కావాలి, అందులో రాజీ లేదు. కానీ మీటరు పొడవు తీగకి సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. మూడు మీటర్ల ఎర్త్ తీగ 10 మెగాహెర్ట్జ్ దగ్గర 190 ఓమ్‌ల దాకా అడ్డు పడుతుంది. ఆ ఫ్రీక్వెన్సీలో అది ఎర్త్ కాదు, మూడు మీటర్ల ఏరియల్.

కొలవడం సంగతికి వద్దాం. ట్రాములు, మోటార్లు రేడియోలను పాడుచేస్తున్న రోజుల్లో, 1934లో, ఈ పనికే ఒక అంతర్జాతీయ సంఘం పుట్టింది, సిస్పర్ అని. దాని ప్రమాణాల ప్రకారం కరెంటు తీగల మీదుగా పోయే నాయిస్‌ని 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా, గాల్లో పోయేదాన్ని ఆ పైన కొలుస్తారు. ఇళ్లలో వాడే పరికరాలకి అర మెగాహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్ దాకా హద్దు 56 డెసిబెల్ మైక్రోవోల్టులు. మామూలు లెక్కలో సుమారు 630 మైక్రోవోల్టులు. లోపల 400 వోల్టులు దూకుతుంటే బయట తీగ మీద అందులో ఆరు లక్షల్లో ఒక వంతు మాత్రమే కనబడాలి. ఈ పని ఎంత కష్టమో ఈ ఒక్క అంకె చాలు.

150 దగ్గర మొదలవుతుంది కనక కొందరు డిజైనర్లు 70 కిలోహెర్ట్జ్ ఎంచుకుంటారు. రెండో రెట్టు 140, అది కూడా గీతకి ఇవతలే. తెలివైన పనే. అయితే గీతకి ఇవతల ఎవరూ లేరనుకోకూడదు. నెదర్లాండ్స్‌లో ట్వెంటె విశ్వవిద్యాలయం వాళ్లు కొన్ని ఎలక్ట్రానిక్ కరెంటు మీటర్లని పరీక్షించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. డిమ్మర్లు, పొదుపు బల్బులు లాగే గజిబిజి కరెంటుకి ఒక మీటరు అసలుకన్నా 582 శాతం ఎక్కువ చూపించింది. అవి ఇన్వర్టర్లు కావు. కానీ పదునైన అంచులు మీటర్‌ని కూడా మోసం చేయగలవని తేలింది. బిల్లు కట్టేవాడికి అది చిన్న విషయం కాదు.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. ఒకసారి నేను మూడు రోజులు ఒక బోర్డు మీద 80 మెగాహెర్ట్జ్ అలజడి కోసం వెతికాను. అదురుని అణచే స్నబ్బర్లు మార్చాను, అంచు వేగాన్ని తేల్చే గేట్ రెసిస్టర్లు మార్చాను, కదల్లేదు. చివరికి మా సీనియర్ వచ్చి ప్రోబ్ గ్రౌండ్ క్లిప్పు తీసేయించి, మొన దగ్గర చిన్న స్ప్రింగు పెట్టించారు. అలజడి సగానికి సగం మాయం. ఆ ఆరంగుళాల గ్రౌండ్ తీగే లూపై, తనకి తగిలినదంతా స్కోప్‌కి చూపిస్తోంది. ఆ మూడు రోజుల టెన్షన్ ఇప్పటికీ గుర్తే. అప్పట్నుంచి ప్రోబ్ మొననీ గ్రౌండునీ ఒకే చోట తాకించి, స్కోప్‌లో సున్నా వస్తోందో లేదో ముందు చూస్తాను. అక్కడే ముళ్లు కనబడితే అవి బోర్డువి కావు. కోయాక్స్ కేబులు (టీవీకి వాడే లాంటిది) కొస ఒలిచి, లోపలి తీగని రూపాయి బిళ్లంత చుట్టి పైజాలీకి సోల్డర్ చేస్తే చాలు, నాయిస్ ఎక్కడ పుడుతోందో వాసన పట్టే సాధనం రెడీ. ఇది ప్రతి ఒక్కరూ చేసుకోండి.

డాబాల మీది సోలార్ గురించి త్వరగా చెప్పేస్తాను. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్య ఘర్ పథకం మొదలయ్యాక కోటి ఇళ్ల లక్ష్యం పెట్టుకున్నారు, మన ఊళ్లలోనూ డాబాల మీద ప్యానెళ్లు లేస్తున్నాయి. మంచిదే, నాకు సంతోషమే. ప్యానెల్‌కీ దాని ఫ్రేముకీ మధ్య కూడా కొనని కెపాసిటరు ఉంది, కిలోవాటుకి 50 నుంచి 150 నానోఫారడ్లు. 3 కిలోవాట్లకి హీట్‌సింక్ దగ్గరి దానికి వేల రెట్లు. మంచు పడినా, వాన పడినా ఇంకా పెరుగుతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇన్వర్టర్లలో ప్యానెల్ వైపు వోల్టేజీ కదలకుండా ఉంచేలా ప్రత్యేకమైన సర్క్యూట్లు వాడతారు. బిగించేవాళ్లు చెయ్యాల్సింది ఒకటుంది. ప్లస్ తీగ ఒక గోడ వెంట, మైనస్ తీగ ఇంకో గోడ వెంట లాగకండి. జంటగా, ఆనించి తీసుకురండి. 7 మెగాహెర్ట్జ్‌కి అల పొడవు 40 మీటర్ల పైచిలుకు, అందులో పావు 10 మీటర్లు. డాబా మీద విడిగా వదిలేసిన 10 మీటర్ల తీగ ఆ ఫ్రీక్వెన్సీకి సొంపైన ఏరియల్. హ్యామ్ రేడియో వాళ్లు, అంటే లైసెన్సుతో సొంత రేడియో సెట్ల మీద మాట్లాడుకునే ఔత్సాహికులు, వాడే బ్యాండుల్లో అదొకటి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖని కొట్టి ఫోన్లు మూగబోయినప్పుడు సమాచారం చేరవేసినవాళ్లలో హ్యామ్‌లు కూడా ఉన్నారు. అలాంటి రోజున అవతల నుంచి వచ్చే సన్నటి గొంతు మన డాబా మీది నాయిస్‌లో మునిగిపోకూడదు.

చివరిగా బోర్డు దగ్గరికి వస్తాను. మందు పుట్టిన చోటే వెయ్యాలి. ఈ మొదటి బోర్డులో చూడండి, డీసీ కెపాసిటరు ఒక మూల ఉంది, మాస్ఫెట్లు ఇంకో మూల. మధ్యలో రెండంగుళాల ట్రాకు. మిల్లీమీటరు ట్రాకుకి ఇంచుమించు ఒక నానోహెన్రీ. మాస్ఫెట్ ఆఫ్ అయినప్పుడు 20 నానోసెకన్లలో 20 ఆంపియర్లు తెగితే, ఒక్కో 20 నానోహెన్రీలకి 20 వోల్టులు ఎగసి పడతాయి. అక్కడితో ఆగదు. ఆ ఇండక్టెన్సూ, మాస్ఫెట్ సొంత కెపాసిటెన్సూ కలిసి గంటలా మోగుతాయి. 20 నానోహెన్రీలు, 200 పికోఫారడ్లు తీసుకుంటే 80 మెగాహెర్ట్జ్. ఎఫ్ఎం బ్యాండు గుమ్మం ముందు. దీనికి గుమ్మం బయట ఎంత పెద్ద ఫిల్టర్ పెట్టినా లాభం తక్కువ. పైగా ఫిల్టర్‌లోకి వెళ్లే తీగనీ వచ్చే తీగనీ ఒకే కట్టగా టై కట్టేస్తే ఫిల్టర్ని దాటుకుని నాయిస్ ఇటునుంచి అటు గెంతేస్తుంది. ఆ తప్పు వారానికొకటి చూస్తుంటాను.

ఈ రెండో బోర్డులో విడిభాగాలు దాదాపు అవే. స్విచింగ్ అదే 20 కిలోహెర్ట్జ్, లోడు అదే బల్బు. మార్చినవి మూడే. మాస్ఫెట్ల కాళ్ల పక్కనే చిన్న ఫిల్మ్ కెపాసిటరు పెట్టాం, వెళ్లే ట్రాకు మీదే వచ్చే ట్రాకు వేశాం, లూపు వేలిగోరంత అయింది. గేట్ రెసిస్టర్ 10 ఓమ్‌ల నుంచి 22 చేశాం, అంచు కొంచెం నెమ్మదించింది, హీట్‌సింక్ కాస్త వేడెక్కుతుంది, ముట్టుకుంటే ఓర్చుకోగలిగినంతే. హీట్‌సింక్‌కీ మాస్ఫెట్‌కీ మధ్య ఒక షీట్ బదులు రెండు వేసి, నడుమ రాగిరేకు పెట్టి, ఆ రేకుని డీసీ మైనస్‌కి సోల్డర్ చేశాం. ఆ 2 ఆంపియర్లూ ఇప్పుడు ఇంట్లోకి పోకుండా రేకు మీదుగా అంగుళం దూరంలోనే వెనక్కి తిరిగిపోతున్నాయి.

వెనక వరసల్లో ఉన్నవాళ్లు ముందుకి రండి. తమ్ముడూ, ఈ రేడియో నువ్వు పట్టుకో. ముల్లు కదపొద్దు, 837 దగ్గరే ఉంచు. మొదటి బోర్డు ఆఫ్ చేశాను. ఇప్పుడు రెండోదానికి సప్లై ఇస్తాను. మోత ఎక్కడ మొదలవుతుందో చూస్తూ, నెమ్మదిగా, ఒక్కో జానెడు చొప్పున బోర్డు దగ్గరికి తీసుకురా.